రంగు వెయ్యకుండానే మా ఇటుక ఇంటి రూపు మార్చాం

ఇంటి బయటి రూపు మార్చాలని నేనూ మా ఆయనా అనుకున్నప్పుడు మాకు అందిన సలహాలన్నీ రెండే రకాలు. ప్లాస్టరింగ్ చేయించి రంగు వేయించండి అన్నవాళ్లు కొందరు, అంత ఎందుకు, ఇటుక మీదే నేరుగా రంగు కొట్టించెయ్యండి అన్నవాళ్లు మిగతావాళ్లు. చివరికి మేం ఆ రెండూ చెయ్యలేదు. అయినా ఇప్పుడు ఇల్లు చూసినవాళ్లు ముందు వైపు కొత్తగా కట్టించారా అని అడుగుతున్నారు. ఇలాంటి పాత ఇటుక ఇల్లు ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఏం చేశామో, ఎందుకలా చేశామో వివరంగా రాస్తున్నాను.

మాది బయట పూత లేని ఇల్లు. నాలుగు వైపులా ఇటుక కనిపిస్తూనే ఉంటుంది. మంచి ఇటుకే, కానీ ఏళ్ల తరబడి దుమ్ము, పాచి పట్టి గోడంతా ఒకటే మసక ఎరుపులోకి దిగిపోయింది. ఇటుకల మధ్య సందులు నల్లబడి, ఎక్కడ ఇటుక ఆగి ఎక్కడ ఇటుకల్ని అతికే మాలు మొదలవుతుందో తెలియకుండా పోయింది. నేలకి దగ్గర వరసల్లో తెల్లగా ఉప్పు పూసేది. కిటికీల చుట్టూ పాత గోధుమ రంగు ఫ్రేములు. మొత్తం మీద ఇల్లు బరువుగా, చీకటిగా కనిపించేది. మా అత్తగారైతే "దీపం పెట్టినా వెలుగు కనిపించని ఇల్లమ్మా ఇది" అనేవారు.

మేం మాట్లాడిన తాపీ మేస్త్రి వయసులో పెద్దాయన, సున్నం పని తెలిసిన మనిషి. రంగుల సంగతి ఎత్తకుండా ముందు గోడ చుట్టూ తిరిగారు. జేబులోంచి తాళంచెవి తీసి ఒక సందులో గీశారు. మాలు పొడిపొడిగా రాలింది, అందులో చిన్న చిన్న తెల్లటి సున్నం పలుకులు. "అమ్మా, ఇది సున్నం మాలుతో కట్టిన గోడ. దీనికి సిమెంటు లెక్కలు పనికిరావు" అన్నారు. తర్వాత నన్ను వీధి వైపు గోడ దగ్గరికి తీసుకెళ్లి కింది భాగం చూపించారు.

అక్కడ ఎవరో ఎప్పుడో అరిగిన సందుల్ని సిమెంటుతో పూడ్చారు. ఆ సిమెంటు బూడిద రంగులో, నున్నగా, గట్టిగా అలాగే ఉంది. దాని చుట్టూ ఉన్న ఇటుకలే పాడయ్యాయి. అంచులు రాలిపోయి, ముఖాలు పెచ్చులూడి, సిమెంటు గీతలు మాత్రం ముందుకు పొడుచుకొచ్చి జాలీలా నిలబడ్డాయి. సరిగ్గా దాని పైన, పాత సున్నం మాలు ఉన్నచోట ఇటుకలు చెక్కుచెదరలేదు. అక్కడ అరిగింది మాలే. ఆ రెండు భాగాలకీ ఎండ, వాన ఒకటే. తేడా అంతా సందుల్లో నింపినదానిదే.

ఆ గోడ ముందు నిలబడ్డాకే నాకు విషయం అర్థమైంది. ఇటుక నీళ్లు తాగుతుంది, మళ్లీ వదిలేస్తుంది. వాననీళ్లు, నేలలోని చెమ్మ, కిటికీ అంచుల్లోంచి దిగే తడి ఏదో ఒక దారిన గోడలోకి వస్తూనే ఉంటాయి. అవి బయటికి పోవడానికి తేలికైన దారి మెత్తటి మాలు. ఆ దారి సిమెంటుతో మూసేస్తే తడి ఇటుకలోంచే బయటపడుతుంది. దానితో పాటు వచ్చే ఉప్పు ఇటుక ముఖం వెనకే గడ్డకట్టి దాన్ని తోసేస్తుంది. అరిగేది మాలైతే మళ్లీ నింపుకోవచ్చు. ఇటుక ముఖం ఒకసారి ఊడితే ఆ ఇటుక తీసి మార్చడం తప్ప వేరే దారి లేదు.

నేరుగా రంగు వెయ్యడం మీద మాకున్న ఆలోచన అక్కడితో పోయింది. మామూలు ప్లాస్టిక్ రంగులు గోడ మీద పొరలా పరుచుకుంటాయి. కొత్తలో ఎంత అందంగా ఉన్నా, చెమ్మ ఉన్న గోడ మీద ఆ పొర ఉబ్బి ఊడుతుంది. ఊడేటప్పుడు ఒక్కోసారి ఇటుక పైచర్మాన్ని కూడా లాక్కొస్తుంది. పోనీ తర్వాత తీసేద్దామంటే ఇటుక రంధ్రాల్లోకి దిగిన రంగు పూర్తిగా రాదు. ఇసుకను గాలితో కొట్టి శుభ్రం చేసే పద్ధతి ఉంది కానీ అది ఇటుకకి చాలా నష్టం. బట్టీలో కాలినప్పుడు ఇటుకకి పైన గట్టి పొర ఏర్పడుతుంది. ఇసుక దెబ్బకి ఆ పొర లేచిపోతే లోపలి మెత్తటి భాగం వానకి దొరుకుతుంది. ఇటుకకి రంగు వెయ్యాలనుకునే ప్రతి ఒక్కరూ ఇది ముందే తెలుసుకోవాలని నా గట్టి కోరిక. ఎందుకంటే ఒకసారి వేశాక వెనక్కి రాలేని పని అది. ఆ తర్వాత ఎప్పటికీ వేసుకుంటూ పోవాల్సిందే.

గోడని ఊపిరాడనిచ్చే పూతలు మాత్రం ఉన్నాయి. ఒకటి సున్నం. ఇంకోటి సిలికేట్ రంగు. పొటాషియం సిలికేట్ ఆధారంగా చేసే ఈ రంగుకి జర్మనీలో అడాల్ఫ్ విల్‌హెల్మ్ కైమ్ 1878లో పేటెంట్ తీసుకున్నాడు. అది పొరలా అంటుకోదు, గోడలోని ఖనిజాలతో రసాయనికంగా కలిసిపోతుంది, కాబట్టి ఆవిరి బయటికి పోతుంది. ఎండకి వెలిసిపోవడం కూడా తక్కువే. కానీ అది కూడా తీసేద్దామంటే వచ్చేది కాదు. మూడోది, పల్చటి మాలుని ఇటుకల మీద రాసి తడిగా ఉండగానే కొంత తుడిచెయ్యడం. ఇటుక అక్కడక్కడా తొంగిచూస్తూ పాతకాలపు ఇల్లులా కనిపిస్తుంది. కొందరికి అది చాలా ఇష్టం, నాకు మాత్రం మరకల్లా అనిపించింది.

పెరటి గోడ మీద అన్నిటికీ నమూనాలు వేయించాం. అరచేతి వెడల్పు ముక్క వేస్తే లాభం లేదు, కనీసం ఒక తలుపంత చోటు కావాలి. పొద్దున్న చూశాం, మిట్టమధ్యాహ్నం చూశాం, నీళ్లు చల్లి చూశాం. వీటిలో సున్నం నాకు బాగా నచ్చింది, కానీ ఇల్లంతా తెల్లగా చేస్తే ఇటుక ఇల్లన్న మాటే మిగలదు. ఆ సందిగ్ధంలో ఉండగా మేస్త్రి గారు ఒక చిన్న పని చేశారు. నమూనాల పక్కనే కాస్త జాగాలో సందులు గీకి, లేత రంగు ఇసుకతో కొత్త మాలు నింపారు. ఇటుకని ముట్టుకోలేదు, బ్రష్షుతో దుమ్ము దులిపారంతే. ఆరాక వెళ్లి చూస్తే ఆ ముక్కలో ఇటుక రంగే మారిపోయినట్టుంది. మసక ఎరుపు కాస్తా మంచి కుంకుమ ఎరుపులా కనిపించింది.

ఇది మాయ కాదు, లెక్కే. మా ఇటుక ముఖం 230 మిల్లీమీటర్ల పొడవు, 70 మిల్లీమీటర్ల ఎత్తు. సందు 10 మిల్లీమీటర్లు. లెక్కేస్తే గోడ ముఖంలో దాదాపు ఆరో వంతు సందులే. ఇల్లంతటి గోడలో ఆరో వంతు నలుపులోంచి లేత రంగులోకి మారితే కన్ను మొత్తం గోడనే వేరేగా చూస్తుంది. ముదురు సందు ఇటుకని మింగేస్తుంది, లేత సందు ఒక్కో ఇటుకనీ విడదీసి చూపిస్తుంది. ఆ రోజే నిర్ణయించుకున్నాం: ఇటుకని ఇటుకలాగే ఉంచి, సందులు మార్చి, ముందుకు పొడుచుకొచ్చిన వరండా భాగానికి మాత్రం సున్నం వెయ్యాలని.

కానీ మేస్త్రి గారు అప్పుడే పని మొదలుపెట్టలేదు. నీళ్ల సంగతి తేలాలన్నారు. వాననీటి గొట్టం ఒకటి అతుకు దగ్గర కారుతోంది, అది మార్పించాం. సన్‌షేడ్ల కింద నీళ్లు గోడ మీదికి జారకుండా అంచు వెంట గాడి కొట్టించాం. అన్నిటికంటే ముఖ్యమైనది గోడ మొదట్లో ఉన్న పూలమడి. ఏటేటా మట్టి వేసీ వేసీ, నేల చెమ్మ పైకి ఎక్కకుండా పునాది మీద పరిచిన పొర కంటే ఎత్తుకి వెళ్లిపోయింది. అంటే ఆ పొర ఉన్నా లేనట్టే. మట్టి ఆ పొర కంటే 150 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా తవ్వించి, గోడ వెంట కంకర పోయించాం. ఉప్పు పూతని పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి పారేశాం. దాన్ని నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది.

ఇక అసలు పని. సందులు గీకడం ఇంత ఓపిక పనని నేను అనుకోలేదు. గ్రైండర్ పెడితే తొందరగా అవుతుందని పనివాళ్లలో ఒక కుర్రాడు అంటే మేస్త్రి గారు ఒప్పుకోలేదు. నిలువు సందుల్లో బ్లేడు కాస్త హద్దు దాటినా పైనా కిందా ఇటుకల అంచు తెగుతుంది, ఆ కోత ఇల్లున్నంత కాలం కనిపిస్తుంది. సన్నటి ఉలి, చిన్న సుత్తి, అంతే. సందు వెడల్పుకి రెండున్నర రెట్లు, అంటే మాకు 25 మిల్లీమీటర్ల లోతు గీకారు. పైపైన గీకి నింపితే కొత్త మాలుకి పట్టు ఉండదు, కొన్నాళ్లకే పెచ్చులా ఊడిపోతుంది. పాత సిమెంటు ఉన్నచోట కొన్ని ఇటుకలు ఎలాగూ బతకవు. వాటిని తీసి, పెరట్లో కూల్చిన చిన్న గోడ ఇటుకల్ని తిప్పి పెట్టారు. ఈ గీకుడులో లేచే దుమ్ము ఊపిరితిత్తులకి చెడ్డది, అందులో సిలికా ఉంటుంది. పనివాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుంటే సరిపోదు, సరైన మాస్కులు తెప్పించి దగ్గరుండి పెట్టించాను. ఈ ఒక్క విషయంలో ఎవరూ మొహమాటపడకండి.

మాలు ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక. రంగంతా ఇసుకలోనే ఉంది. రంగు పొడి కలపమని సలహా ఇచ్చినవాళ్లున్నారు కానీ మేస్త్రి గారు ఇసుక మార్చి మార్చి చూపించారు. తడి మాలు ఒక రంగు, ఆరాక ఇంకో రంగు, కాబట్టి ఆరేదాకా ఆగి ఎంచుకున్నాం. గోడ తడిపి, సన్న తాపీతో సందులోకి మాలుని వెనక్కి కూరి, ఒక పొర బిగిశాక రెండో పొర. బొటనవేలితో నొక్కితే గుర్తు పడీ పడనట్టు ఉన్నప్పుడు గుండ్రటి ఇనప చువ్వతో సందు వెంట లాగేవారు. చువ్వ లాగిన చోట మాలు కొంచెం లోపలికి వంగి, నిగనిగలాడి, ఇటుక అంచుకి గట్టిగా అతుక్కునేది. సందుని బాగా లోపలికి ఉంచితే నీడ గీతలు పడి ఆధునికంగా ఉంటుందని మా ఆయన అడిగారు. దానికి మేస్త్రి గారి జవాబు, "బాబూ, ఆ గట్టు మీద నీళ్లు నిలుస్తాయి. గట్టి ఇటుకైతే తట్టుకుంటుంది, మనది మెత్తటి ఇటుక."

తర్వాత తడి గోనెపట్టాలు వేలాడదీశారు. సున్నం మాలు సిమెంటులా త్వరగా గట్టిపడదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ నెమ్మదిగా రాయిలా మారుతుంది. ఎండ నేరుగా తగిలి తొందరగా ఆరితే పొడిపొడి అవుతుంది. ఈ దశలో తొందరపెట్టే యజమానులు పని చెడగొడతారు.

వరండాకి సున్నం వేసిన పూట ఇంట్లో అందరికీ గుండె జారింది. పాలంత పల్చగా కలిపి, తడిపిన ఇటుక మీద వెడల్పాటి బ్రష్షుతో రాస్తే ఏమీ కనిపించలేదు. నీళ్లు రాసినట్టుంది. చిక్కగా వెయ్యమని మా అబ్బాయి గొడవ. చిక్కగా వేస్తే పగుళ్లిచ్చి రాలుతుందట. సాయంత్రానికి ఆరుతున్న కొద్దీ తెలుపు పైకి తేలింది. పల్చటి పూతలే ఒకదాని మీద ఒకటి వేశారు. ఇటుక గరుకుతనం, వరసల గీతలు కింద తెలుస్తూనే ఉన్నాయి. సున్నం చర్మాన్ని, కళ్లని కాలుస్తుంది, అందుకే గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

ఆఖరున కిటికీ ఫ్రేములు, గ్రిల్స్, ముందు తలుపు. గోధుమ రంగు గీకించి, నలుపుకి దగ్గరగా ఉండే ముదురు ఆకుపచ్చ వేయించాం. తలుపుకి మాత్రం కర్ర రంగు బయటపడేలా నూనె పట్టించాం. ఖర్చులోనూ కష్టంలోనూ ఇది చాలా చిన్న పని, మార్పు మాత్రం పెద్దది. ఎర్ర ఇటుక పక్కన గోధుమ రంగు ఉంటే రెండూ వెలవెలబోతాయని అప్పుడు తెలిసింది. బడ్జెట్ లేనివాళ్లు ముందు ఫ్రేముల రంగు మార్చి చూడండి.

ఈ వానాకాలం గడిచాక గోడంతా చూశాం. సందులు ఎక్కడా వదల్లేదు. కింది రెండు వరసల్లో ఇంకా పల్చగా ఉప్పు పూస్తోంది, కానీ మునుపటంత లేదు. గోడలో ఏళ్లుగా చేరిన తడి పోవడానికి సమయం పడుతుందని, అప్పటిదాకా పొడి బ్రష్షుతో దులుపుతూ ఉండమని మేస్త్రి గారు చెప్పారు. వరండా సున్నం వాన ఎక్కువ కొట్టే మూల కొంచెం పల్చబడింది, అక్కడ ఇంకో పూత పడాలి.

వెళ్లేముందు ఆయన మాచేత ఒక పని చేయించారు. మాలుకి వాడిన ఇసుక ఒక బస్తా విడిగా దాయించి, పాళ్ల లెక్క, వాడిన సున్నం వివరం ఒక కాగితం మీద రాయించి ఇంటి పత్రాలతో పాటు పెట్టమన్నారు. రేపు ఏ గొట్టానికో గోడ పగలగొడితే, పూడ్చడానికి వచ్చేవాళ్లు ఆ కాగితం చూసి అదే మాలు కలుపుతారు. ఆ బస్తా మెట్ల కింద పెట్టాం, సిమెంటు పెట్టొద్దని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి.