620 నుంచి 6కి

పొద్దున నాన్న రిపోర్ట్ వచ్చింది. ఫోన్‌లో తెరిచి, వేలితో కిందికి జరుపుతూ ఆ ఒక్క లైన్ దగ్గర ఆగాను. ఏఎఫ్‌పీ 6. లివర్ క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు 620.

ఏఎఫ్‌పీ, అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్, కడుపులో ఉన్న బిడ్డ లివర్ తయారుచేసే ప్రోటీన్. పుట్టాక దాదాపు ఆగిపోతుంది. లివర్ క్యాన్సర్ కణాలు చాలాసార్లు దాన్ని మళ్లీ మొదలుపెడతాయి. ఆపరేషన్‌కు ముందే 400 దాటి ఉంటే గడ్డ తిరిగొచ్చే ముప్పు ఎక్కువని డాక్టర్ గారు చెప్పినప్పుడు అమ్మ ముఖం చూడలేకపోయాను. తర్వాత ఆ అంకె ఎలా దిగుతుందో కూడా చూడాలన్నారు. గడ్డ పూర్తిగా తీసేస్తే సుమారు వారానికోసారి సగమవుతుందట. క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను: 620, 310, 155... (పదో తరగతి తర్వాత ఇంత శ్రద్ధగా లెక్కలు చేసింది ఇప్పుడే.)

"అయితే నయమైపోయినట్టే కదా అన్నా?" అన్నాడు తమ్ముడు. అలా కాదురా. ఈ క్యాన్సర్ ఉన్నా ఏఎఫ్‌పీ మామూలుగానే ఉండేవాళ్లు చాలామంది. అందుకే పివ్కా అనే ఇంకో రక్త పరీక్ష కూడా చేయిస్తున్నారు, స్కాన్ ఎలాగూ తప్పదు. మూడు నెలలకు మళ్లీ రక్తం, మళ్లీ ఇదే టెన్షన్.

నాన్న మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఆరేనా? నీకు పరీక్షలో ఆరొస్తే వీపు పగలగొట్టేవాణ్ణి" అన్నారు.