దువాన్వు పండక్కి ముందే జోంగ్‌జ కట్టడం వచ్చేయాలి

బెంగళూరు నుంచి చైనా బడుల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లే మనవాళ్లు ఎక్కువగా చైనా కొత్త సంవత్సరం గురించే అడుగుతుంటారు. ఆ పండక్కి బడి ఉండదు. పిల్లలుండరు, తోటి టీచర్లు సొంతూళ్లు పట్టిపోతారు. పిల్లల మధ్య కూర్చుని, చేతులు తడుపుకుని జోంగ్‌జలు (ఆకుల్లో జిగురు బియ్యం చుట్టి ఉడికించే పొట్లాలు) కట్టే పండగ దువాన్వు. వాళ్ల చాంద్రమానంలో అయిదో నెల అయిదో రోజు వస్తుంది: 2025లో మే 31, 2026లో జూన్ 19. పండగ నాడు సెలవు కాబట్టి బడిలో సందడంతా ఒకటి రెండు రోజుల ముందే. హైస్కూళ్లలో జూన్ 7 నుంచి కాలేజీ ప్రవేశ పరీక్షలుంటాయి, అక్కడ హడావిడి తక్కువ. చిన్న తరగతుల వాళ్లే బాగా చేస్తారు.

కథ అందరికీ తెలిసిందే చెబుతారు: చు రాజ్యపు కవి చ్యూ యువాన్ క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో మిలువో నదిలో దూకి చనిపోయాడు, చేపలు ఆయన శవాన్ని ముట్టకుండా జనం నదిలో అన్నం వేశారు, పడవలేసుకుని వెతికారు. సుజౌ వైపు ఇదే రోజును వూ రాజ్యపు మంత్రి వూ జిషూ పేరు మీద చేస్తారు. పండగ వెనక ఇంకో పొర కూడా ఉంది. ఎండలు ముదిరి రోగాలొచ్చే నెల కాబట్టి గుమ్మానికి ఆకులు కడతారు. ఒకటి మన వినాయక చవితి పత్రిలో వచ్చే మాచిపత్రి జాతిది, రెండోది సాక్షాత్తూ మన వస. పిల్లల ముంజేతికి అయిదు రంగుల దారం కడతారు. మీకూ కడతారు, వెంటనే విప్పేయకండి. పండగ తర్వాత మొదటి వాన పడేదాకా ఉంచుకుని తీసేయడం చాలాచోట్ల ఆచారం.

ఇక అసలు పని. విదేశీ టీచర్ని కుర్చీలో కూర్చోబెట్టి చూపించడం ఉండదు. ఆకులు చేతికిచ్చి కట్టమంటారు, నలభై మంది పిల్లలు చుట్టూ చేరతారు, ఎవరో ఫోన్లో వీడియో తీస్తుంటారు. అందుకే ఇక్కడే, మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డులోనో మీ వంటింట్లో, రెండు మూడు సార్లు కట్టి చూసుకుని వెళ్లమంటాం.

ముందు బియ్యం. సోనా మసూరితో మొదలెడితే సగం పని చెడినట్టే, విప్పగానే పొడిపొడిగా రాలుతుంది. జిగురు బియ్యంలో అమైలోజ్ అనే పిండిపదార్థం దాదాపు ఉండదు, అది లేకపోవడం వల్లే అతుక్కుంటుంది. ఈజీపుర, నీలసంద్ర వైపు ఈశాన్య రాష్ట్రాల వాళ్ల దుకాణాల్లో అస్సాం బోరా బియ్యం అడగండి. మణిపురి నల్ల బియ్యం చాక్‌హావో కూడా పనికొస్తుంది గానీ రాత్రంతా నానాలి. తెల్ల జిగురు బియ్యానికి నాలుగైదు గంటలు చాలు. అరకిలో బియ్యానికి పన్నెండు దాకా వస్తాయి. నానాక నీళ్లు పూర్తిగా వార్చాలి. తడి ఎక్కువైతే కట్టేటప్పుడే పొట్లం సందుల్లోంచి కారుతుంది.

ఆకు దగ్గర అందరూ తడబడతారు. పెరట్లో అలంకారానికి పెంచే వెదురు ఆకు మరీ సన్నం, పనికిరాదు. అక్కడ వాడేది వెడల్పాటి ఆకుండే వేరే రకం. అది ఇక్కడ ఎండబెట్టిన కట్టల రూపంలో ఆన్‌లైన్లో దొరుకుతుంది. రాత్రంతా నానబెట్టి, పొద్దున పది నిమిషాలు మరిగించి, రెండు వైపులా గుడ్డతో తుడవాలి. మరిగించకపోతే మడిచేచోట పుటుక్కున విరుగుతుంది. పన్నెండింటికి ఇరవై నాలుగు ఆకులు లెక్క, కానీ ముప్పై పెట్టుకోండి, చిరిగేవి చిరుగుతాయి. దొరక్కపోతే కె.ఆర్. మార్కెట్లో అరటాకు కొని సెగ మీద వాడ్చి వాడొచ్చు. మడత నేర్చుకోవడానికి చాలు. అయితే అరటాకు ఈనె వెంబడి చీలుతుంది, వెదురాకు వాసన కూడా రాదు. పసుపాకు పొడవు సరిపోతుంది గానీ దాని ఘాటు అన్నాన్ని మింగేస్తుంది, మాకు నచ్చలేదు.

కట్టే తీరు ఇది. తొడిమ దగ్గర గట్టి ముక్క కత్తిరించేయండి. రెండు ఆకుల్ని నున్నటి వైపు పైకి ఉండేలా, ఒకదాని అంచు మీద రెండోది మూడో వంతు ఎక్కేలా పరచండి. పొడవులో మూడో వంతు దగ్గర వంచి గరాటులా చుట్టండి. గరాటు కొసలో సూదిమొన దూరేంత సందు కూడా ఉండకూడదు. వెలుతురుకెత్తి చూడండి, చుక్క వెలుగు కనబడితే మళ్లీ చుట్టండి. ఒక చెంచా బియ్యం, రెండు ఎండు రేగుపళ్లు, మళ్లీ బియ్యం. చైనా రేగు దొరక్కపోతే గింజ తీసిన ఖర్జూరం. తడిచెంచాతో మెల్లగా అదమండి, అంచుకి వేలు మందం కిందే ఆపేయండి. తర్వాత మిగిలిన పొడుగు ఆకుని మూత మీదికి వంచి, రెండు పక్కల చెవుల్ని కిందికి నొక్కి, తోకని ఒక పక్కకి తిప్పి నూలుదారంతో నడుముకి రెండు చుట్లు కట్టాలి. కోనసీమ పొట్టిక్కల బుట్టలు కుట్టిన చేతికి ఇది త్వరగా వస్తుంది, కాకపోతే అక్కడ పుల్ల గుచ్చి నిలబెడతాం, ఇక్కడ దారం పడేదాకా ఎడమచెయ్యి వదలకూడదు. పిల్లలు పాడుచేసేది ఇక్కడే, దారం కోసం చెయ్యి తీస్తారు, మొత్తం ఒళ్లో పడుతుంది. దారం కొస ఒకరు పట్టుకుని సాయపడితే సరిపోతుంది.

మరీ బిగించినా తంటాయే. మధ్యలో బియ్యం ఉబ్బడానికి చోటు లేక పలుకుగా మిగిలిపోతుంది. వదులుగా కడితే నీళ్లు దూరి జావైపోతుంది. ఊపితే లోపల గింజలు గలగలమనకూడదు, నొక్కితే కాస్త లొంగాలి.

ఉడకబెట్టడం: గిన్నెలో సర్ది, పైన మూడు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, తేలకుండా ఒక ప్లేటు బోర్లించండి. మరిగాక సన్నని సెగ మీద రెండు గంటలు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి మూతలేని గిన్నెలో ఇంకో అరగంట పడుతుంది. నీళ్లు తగ్గితే వేడినీళ్లే కలపాలి. కుక్కరైతే మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో నలభై అయిదు నిమిషాలు, ఆవిరి దానంతటదే పోనివ్వాలి. తొందరపడి వెయిట్ ఎత్తితే కట్లు పగులుతాయి. వేడిగా విప్పితే అన్నం ఆకుకి అంటుకుంటుంది. గోరువెచ్చగా అయ్యాక విప్పితే నున్నగా ఊడొస్తుంది. ఇంత సమయం పడుతుంది కాబట్టే బడిలో పిల్లలు కట్టినవి సాధారణంగా క్యాంటీన్‌కి పోతాయి. ఏ తరగతివి ఏవో తెలియాలంటే రంగు దారాలు వాడండి.

శాకాహారులకు ఒక మాట. దక్షిణాది జోంగ్‌జలో పంది మాంసం, ఉప్పు బాతుగుడ్డు పచ్చసొన మామూలు, ఉత్తరాదిలో రేగుపండు, ఎర్ర బీన్స్ ముద్ద. తీపిదే కదా అని నమ్మి కొరకొద్దు, బీన్స్ ముద్దలో పందికొవ్వు కలిపే పద్ధతీ ఉంది. మాంసం ఉందా అని కాక, పందికొవ్వు ఉందా అని విడిగా అడగండి. క్షారం కలిపిన నీళ్లతో చేసే పసుపు రంగు, లోపల ఏమీ పెట్టని రకం చక్కెర అద్దుకుని తింటారు, అన్నిటికంటే నిశ్చింత.

సెలవు లెక్క కూడా ముందే చూసుకోండి. పండగ గురువారం పడిన 2023లో మూడు రోజులు సెలవిచ్చి, జూన్ 25 ఆదివారాన్ని పనిదినం చేశారు. రైలు టికెట్ కొనేముందు బడి క్యాలెండర్ అడగకపోతే ఆదివారం మధ్యాహ్నం మీరు ఎక్కడో ఉంటారు, పిల్లలు తరగతిలో ఉంటారు. 2026లో పండగ శుక్రవారమే, శని ఆదివారాలు కలిసొస్తాయి.