సినిమాకు మాటలొచ్చాక హాస్య జంట లారెల్, హార్డీ ఎలా నిలబడ్డారు?

మూకీల్లో కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 ఫ్రేములు తీసి అంతకన్నా వేగంగా వేస్తే పరుగులు, తన్నులాటలు చకచకా సాగేవి. సౌండు వచ్చాక సెకనుకు 24 ఫ్రేములని ఖాయమైంది. ఇక వేగం పెంచితే గొంతు కీచుమంటుంది, కాబట్టి ఆ కిటుకు మాటలున్న చోట పనికిరాకుండా పోయింది. పైగా మోటారు రొద మైకులో పడకుండా కెమెరాను పెట్టెలాంటి గదిలో బంధించారు.

మూకీల హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ 1929లో 'వెల్కమ్ డేంజర్'ను ముందు మూకీగా తీసి, తర్వాత మాటలు కలిపాడు. అతుకులు కనిపిస్తూనే ఉంటాయి.

లారెల్, హార్డీలకు మాత్రం కలిసొచ్చింది. వాళ్ల హాస్యం మొదటినుంచీ నిదానమే మరి! అదే ఏడాది మొదటి టాకీ చేశారు. శబ్దాన్ని వాళ్లు వాడిన తీరు చూడండి: హార్డీ తలుపు దాటి వెళ్తాడు, దబ్బుమని చప్పుడు, గిన్నెలు దొర్లిన మోత. పడటం మనకు కనపడదు. లారెల్ మొహమే కనపడుతుంది. చూపించి ఉంటే ఇంత నవ్వు రాదని నా లెక్క.

ఇంకో చిక్కు, హాల్లో నవ్వులకు తర్వాతి డైలాగు మునిగిపోవడం. విడుదలకు ముందు వేసే ప్రివ్యూల్లో జనం ఎంతసేపు నవ్వుతున్నారో గమనించి, అంత ఖాళీ ఉండేలా ఎడిటింగ్ సరిచేసేవారు. హార్డీ విసుగ్గా కెమెరాలోకి చూసే చూపు ఆ ఖాళీకి అతికినట్టు సరిపోయేది.

డబ్బింగ్ కుదురుకోని రోజులవి. అందుకే తమ సినిమాలనే స్పానిష్, ఫ్రెంచ్ భాషల్లో విడిగా మళ్లీ తీశారు. భాష రాకపోయినా, ఉచ్చారణ రాసిన బోర్డు చూస్తూ చదివేశారు. ఆ వచ్చీరాని యాసకే అక్కడి జనం పడిపడి నవ్వారు.