జాతి అంటే ఏ జాతి మేడమ్?

మొదటి స్లైడు దగ్గరే బండి ఆగిపోయింది. 'జాతి వివక్ష వల్ల మనసుకు తగిలే గాయాలు: గుర్తించడం, సాయపడటం' అని రాసుకున్నాను. ముందురోజు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఇంగ్లీషు స్లైడులన్నీ తెలుగులోకి దించాను. కొంచెం గర్వంగానే ఉండింది. మూడో వరసలోంచి పలమనేరు అక్క చెయ్యెత్తింది.

"జాతి అంటే ఏ జాతి మేడమ్?"

"రేస్ అక్కా. ఒంటి రంగు, ముఖం తీరు, పుట్టిన ప్రాంతం..." అని నేను వివరించబోతుంటే పక్కనున్నామె "జాతి తక్కువది అంటారు చూడు, ఆ జాతి" అని తేల్చేసింది. గదిలో ఇరవై రెండు మంది. అందరూ అర్థమైనట్టు తలూపారు. ట్రైనింగు నా చెయ్యి దాటిపోయిందని నాకూ అర్థమైంది.

బెంగళూరులో తెలుగు బ్యాచ్ ఏమిటని మా ఊళ్ళో అడుగుతుంటారు. ఈ ఊళ్ళో లేడీస్ హాస్టళ్ళ వార్డెన్లలో, కట్టడాల దగ్గర కూలీల పిల్లల్ని చూసుకునే ఆయాల్లో, షెల్టర్ హోముల వంటవాళ్ళలో మనవాళ్ళు బోలెడుమంది. చిత్తూరు, అనంతపురం, పాలమూరు. మా సంస్థ వీళ్ళకి భాషల వారీగా శిక్షణ ఇస్తుంది. కన్నడం, తమిళం, హిందీ బ్యాచ్‌లకు వేరే వాళ్ళున్నారు. తెలుగు నాది.

నేనూ వలస వచ్చినదాన్నే. మదనపల్లె నుంచి నూట ఇరవై కిలోమీటర్లు, మూడు గంటల బస్సు. దీన్ని ప్రవాసం అంటే డాలస్‌లో ఉన్న మా తమ్ముడు నవ్వుతాడు. కానీ ఇల్లు అద్దెకు వెతికినప్పుడు 'మీరు వెజిటేరియనేనా' అన్న ప్రశ్న కూరల గురించి కాదని మొదటి వారంలోనే తెలిసింది. ఆఫీసులో నన్ను 'గొల్టీ' అనేవాళ్ళు. తెలుగు అనే మాటని తిరగేసి చేసిన వెటకారం. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే జోకు తెలియని మనిషంటారని భయం.

2012 ఆగస్టు నాటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. అస్సాంలో కోక్రాఝార్ వైపు అల్లర్లు జరిగాయి, ఇక్కడ ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ మీద దాడులు జరుగుతాయని ఫోన్లలో పుకార్లు తిరిగాయి. ఆగస్టు 15 రాత్రి నుంచి మెజెస్టిక్ దగ్గర సిటీ స్టేషన్ కిక్కిరిసిపోయింది. రైల్వే వాళ్ళు గువాహటికి ప్రత్యేక రైళ్ళు వేశారు. వేలమంది వెళ్ళిపోయారు. ఆ వారంలోనే కేంద్రం రోజుకు 5 మెసేజ్‌లకు మించి పంపకుండా 15 రోజులు కట్టడి పెట్టింది. మేం ప్లాట్‌ఫారం మీద నీళ్ళ ప్యాకెట్లు, బిస్కెట్లు పంచుతున్నాం. ఒకమ్మాయి ప్రెషర్ కుక్కర్ చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. బట్టల సంచి నేలమీద పెట్టింది కానీ కుక్కర్ మాత్రం దించలేదు. నాకొచ్చిన హిందీలో "ఏం కాదమ్మా, అంతా పుకార్లే, భయపడొద్దు" అన్నాను.

"పుకారు ఈ వారానిది దీదీ. మిగిలింది రోజూ ఉండేదే" అంది.

నాకు జవాబు తట్టలేదు. ఇంకో బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాను.

ఐదేళ్ళ తర్వాత ఆ మాట మా ఇంట్లోనే తిరిగొచ్చింది. 2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో ఒక బారులో తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లని 'మా దేశం నుంచి పొండి' అని అరుస్తూ కాల్చి చంపారు. మర్నాడు అమ్మ తమ్ముడికి ఫోన్ చేసి "బయట తెలుగు మాట్లాడొద్దు నాయనా, తల దించుకుని పని చూసుకో" అని ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. హాస్టల్లో ఈశాన్యం పిల్లలకు మేమిచ్చే సలహా కూడా అచ్చం అదే: చీకటి పడ్డాక తిరగొద్దు, గుంపుగా నవ్వొద్దు, కాస్త సర్దుకుపోండి. తప్పు ఎవరిదైనా ఒదగాల్సింది మాత్రం దెబ్బ తిన్నవాళ్ళే. అప్పటికి నాకింకా అది సలహాలాగే కనిపించేది.

2020లో కరోనా వచ్చింది. ఈశాన్యం వాళ్ళని ఆ రోగం పేరుతోనే పిలిచి వేధిస్తున్నారని మార్చిలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది. అదే నెల మైసూరులో ఇద్దరు నాగాలాండ్ కుర్రాళ్ళను సూపర్‌మార్కెట్‌లోకి రానివ్వలేదు. మే 25న మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసుల చేతిలో చనిపోయాక అమెరికాలో సోషల్ వర్కర్లకు జాతి వివక్ష గాయాల మీద శిక్షణలు వెల్లువెత్తాయి. మా సంస్థ నన్నూ ఒకదాంట్లో చేర్పించింది, ఆన్‌లైన్లో. వాళ్ళకు పొద్దున, మనకు రాత్రి. నేను చెవిలో వైరు పెట్టుకుని వంటింటి గట్టు మీద కూర్చుని వినేదాన్ని.

అక్కడ నేర్చుకున్నదాంట్లో నన్ను కుదిపింది ఒక పేచీ. మానసిక వైద్యులు రోగాన్ని తేల్చడానికి వాడే డి.ఎస్.ఎం. అనే పుస్తకం ఉంది, అయిదో కూర్పు 2013లో వచ్చింది. అందులో పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసుని పట్టి పీడించే రోగం, అని రాయాలంటే చావో, చావు భయమో, పెద్ద గాయమో, లైంగిక హింసో ఎదురై ఉండాలి. రోజూ వినే మాట, బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండిపోవడం, షాపులో వెంటే నడిచే గార్డు ఆ లెక్కలోకి రావు. ఇలాంటి చిన్నచిన్న అవమానాలకు చెస్టర్ పియర్స్ అనే ఆఫ్రికన్ అమెరికన్ సైకియాట్రిస్టు 1970లోనే 'మైక్రోఅగ్రెషన్' అని పేరు పెట్టాడు. 2007లో రాబర్ట్ కార్టర్ అనే సైకాలజిస్టు ఇంకో అడుగు ముందుకేసి, దీన్ని రోగం అనకండి, గాయం అనండి అన్నాడు. రోగమంటే లోపం మనిషిలో ఉన్నట్టు. గాయమంటే కొట్టినవాడు ఒకడు ఉన్నట్టు.

చెప్పులో రాయి సంగతి మనకు కొత్త కాదు. తలకు రాయి తగిలితే అందరూ పరిగెత్తుకొచ్చి కట్టు కడతారు. చెప్పులో దూరిన రాయితో ఏళ్ళ తరబడి నడిచి కాలు పుండయితే, నీ నడకే సరిగా లేదంటారు. మా హాస్టళ్ళ ఫైళ్ళన్నీ ఆ నడక మీద ఫిర్యాదులే. 'ముభావం', 'కోపం ఎక్కువ', 'తరచూ కడుపునొప్పి అని సెలవు', 'రాత్రి నిద్రపోదు, లైటు ఆర్పనివ్వదు'.

ఆ కోర్సు సగంలో ఉండగా ఒకరోజు పాత ఫైళ్ళు తీశాను. 2018 నాటిది, మణిపూర్ అమ్మాయి, సెలూన్లో పని. అందులో 'సహకరించడం లేదు. మాట్లాడేటప్పుడు కూడా ఇయర్‌ఫోన్స్ తియ్యదు' అని ఉంది. కింద సంతకం నాది. అప్పటికే ఆ పిల్ల హాస్టల్ వదిలి వెళ్ళిపోయింది.

ఈ ఫైలు సంగతి నేను బ్యాచ్‌లో చెబుతూ ఉంటాను, పేరూ వివరాలూ లేకుండా. తప్పు నాదే అని చెబితే మిగతావాళ్ళు నోరు విప్పుతారని. ఆ రోజూ చెప్పాను. పలమనేరు అక్క మళ్ళీ చెయ్యెత్తింది. ఆ హాస్టల్ వార్డెన్ అప్పట్లో ఆమేనని నాకు ఆ క్షణందాకా గుర్తు లేదు.

"దాంట్లో పాటలు రావు మేడమ్. వైరు కొన ఊరికే జోబులో ఉంటాది. గుడ్డలు ఆరేస్తా ఉంటే చూసినా. రోడ్డు మీద ఎవురన్నా ఏమన్నా అంటే ఇనపడనట్టు పోవాల గదా, దానికి."

"నీకెలా తెలుసక్కా? అడిగావా ఆమెని?"

"అడిగేదేముంది? నేనూ అట్లా పోయినదాన్నే. మాది ఊరి బయట పేట. బడికి పోవాలంటే పెద్దోళ్ళ ఈది దాటాల. తల మీద గడ్డిమోపు లేకపోయినా ఉన్నట్టే మెడ వంచుకుని పోతా ఉంటి. మోపు మోసేదాన్ని ఎవురూ పలకరించరు, తిట్టరు. ఈ పిల్లకి మోపు లేదు, వైరు ఉండాది. అంతే."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మరి అప్పుడు నాకెందుకు చెప్పలేదు?"

"మీరు నన్ను అడగలేదు గదా మేడమ్. ఫారం నింపి ఎళ్ళిపోతిరి."

కులం, జాతి ఒకటా వేరా అన్న తగాదా పాతదే. 2001లో డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష మీద సదస్సు పెడితే, కులాన్ని కూడా అందులో చర్చించాలని దళిత సంఘాలు పట్టుబట్టాయి, కులం వేరు జాతి వేరని మన ప్రభుత్వం కాదంది. పండితులు ఇప్పటికీ వాదించుకోవచ్చు. నాకైతే ఆ గదిలో ఒక గడ్డిమోపుతో తేలిపోయింది. నేను అమెరికా నుంచి మోసుకొచ్చిన స్లైడుల్లో నల్లవాళ్ళున్నారు, ఆదివాసులున్నారు, మన ఊరి పేట లేదు. పైగా నేను పుట్టింది ఆమె మెడ వంచుకుని దాటిన వీధిలాంటి వీధిలోనే. 'గొల్టీ' అన్నారని ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నదాన్ని, మా వీధిలో ఎవరు తల వంచుకుని వెళ్ళారో ఎప్పుడైనా చూశానా అంటే చెప్పలేను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక స్లైడులు కట్టేశాను. ఎవరైనా వచ్చి 'నన్ను ఇలా అన్నారు' అంటే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటో బోర్డు మీద రాద్దాం అన్నాను. క్షణాల్లో నిండిపోయింది. పోనీలే. వాళ్ళంతే. నువ్వు మరీ మనసులో పెట్టుకుంటావు. ఎక్కడ లేదు చెప్పు? నిజంగా అట్లే అన్నారా, నువ్వు పొరబడ్డావేమో. మమ్మల్ని అనలేదా, మేం బతకలేదా. ఒకామె 'దేవుడు చూస్తాడు' అని రాసి, మళ్ళీ తనే తుడిపేసింది. నా 'పుకార్లే' కూడా ఒక మూలన రాశాను. అన్నీ మంచి మనసుతో అనే మాటలే. విన్నవాళ్ళకు మాత్రం రెండో దెబ్బ.

ఆ తర్వాత ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టాను. ఒకరు చెప్పాలి, ఇంకొకరు మూడు నిమిషాలు వినాలి. సలహా వద్దు, 'అయ్యో' వద్దు, మన కథ వద్దు. కావాలంటే 'తర్వాత ఏమైంది?' అని ఒక్కటి అడగొచ్చు. మూడు నిమిషాలు ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది. నలభై సెకన్లకే ఒక ఆయా ఓర్చుకోలేక "కాఫీ తాగుతావా తల్లీ?" అనేసింది. అమెరికా రూల్సులో ఇది కుదురుతుందో లేదో, నేను మాత్రం పాస్ చేశాను.

వార్డెన్ డాక్టరు కాదని కూడా గట్టిగా చెబుతాను. నిద్ర పూర్తిగా పోయినా, చచ్చిపోవాలని ఉంది అన్నా, చేతులు కోసుకుంటున్నా వినడం ఒక్కటే చాలదు. హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ మానసిక వైద్యశాల ఉంది, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేయడానికి 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఉంది, అందులో తెలుగులోనూ మాట్లాడొచ్చు.

మా ఫారం మాత్రం మారింది. అమెరికాలో సామ్‌సా అనే ప్రభుత్వ సంస్థ 2014లో సేవా సంస్థల కోసం రాసిన పద్ధతిలో ఒక మాట ఉంది: సాయం పేరుతో పాత గాయాన్ని మళ్ళీ రేపొద్దు అని. మా దగ్గర ఒక పిల్ల వస్తే గేటు దగ్గర సెక్యూరిటీ అడిగేవాడు, తర్వాత వార్డెన్, తర్వాత నేను, ఆ తర్వాత లాయరు. ఒకే కథ నాలుగుసార్లు. ఇప్పుడు ఒక్కరే వింటారు, రాస్తారు, ఆ పిల్ల ఒప్పుకుంటే మిగతావాళ్ళకు చూపిస్తారు. మొదటి పేజీలో ఉండే కులం, మతం గడులు ఆఖరి పేజీకి పంపాం, చెప్పాలనుకుంటేనే అని. పూర్తిగా తీసేద్దామని నేను పట్టుబట్టాను. 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు రాయాలన్నా, స్కాలర్‌షిప్ ఇప్పించాలన్నా ఆ గడి లేకపోతే ఎలా అని మా లాయరమ్మ అడిగింది. ఆమె మాటే రైటు. ఉంచాం.

పలమనేరు అక్కని ఇప్పుడు తెలుగు బ్యాచ్‌లలో నా పక్కన కూర్చోబెడుతున్నాను. దానికి విడిగా డబ్బులిప్పించడానికి ఆఫీసుతో ఐదు నెలలు పోరాడాల్సి వచ్చింది. డిగ్రీ లేదుగా అన్నారు. ఆమెకి మాత్రం డబ్బు కంటే ఆ రెండు పూటలూ హాస్టల్ గేటు కాపలా తప్పడమే ఎక్కువ సంతోషం.

మొన్న కన్నడ బ్యాచ్ స్లైడులు చూసే మా సహోద్యోగి నా లాప్‌టాప్‌లోకి తొంగి చూసింది. కన్నడంలో ఆమె 'జనాంగ' అని రాసుకుంది, 'జాతి' అంటే అక్కడ కులమే కదా అని. నీ తెలుగులోనూ ఈ పదం తికమకగానే ఉంది, సరిచేద్దామా అని అడిగింది.

వద్దన్నాను.