అన్నీ పాసయ్యాక ఆగిన గ్రాంటు

జనవరి మొదటి వారం. షాపులో దోసకాయల పెట్టె విప్పి సర్దుతున్నాను. జేబులో ఫోన్ గుయ్‌మంది. చూస్తే కాలేజీ మెయిల్. అంతకు రెండు వారాల ముందే మార్కులు వచ్చాయి. అనాటమీలో ఏ, స్టాటిస్టిక్స్‌లో బి. ఇంట్లో పాయసం కూడా చేశాను. అందుకని ఏ శుభాకాంక్షలో అనుకుని తెరిచాను. తీరా చూస్తే, నా ఫైనాన్షియల్ ఎయిడ్ ఆపేస్తున్నామని ఉంది. కారణం: ఎస్ఏపీ ప్రమాణాలు అందుకోలేదు.

మా ఆయనకి ఫోన్ చేస్తే, "ఎస్ఏపీ ఏంటి, అమీర్‌పేటలో నేర్పుతారే, ఆ శాప్ కోర్సా? అది నువ్వెప్పుడు తీసుకున్నావ్?" అన్నారు. కాదు మహానుభావా, సాటిస్‌ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్. చదువు సరిగ్గా ముందుకు సాగుతోందా లేదా అని చూసే లెక్క. మా కాలేజీలో దాన్నీ శాప్ అనే పలుకుతారు. చివర సున్నా చేర్చుకుంటే ఆ రోజు నా పరిస్థితికి సరిగ్గా సరిపోయింది.

ముందు నా సంగతి చెప్పాలి. మాది తెనాలి. ఇంటర్ బైపీసీ, తర్వాత బీఎస్సీ రెండో ఏడులో ఉండగా పెళ్లి. చదువు అక్కడితో సరి. మా వదిన, అంటే మా ఆయన అక్కయ్య, అమెరికా సిటిజన్ అయ్యాక తమ్ముడి కుటుంబానికి పిటిషన్ వేసింది. అది పండటానికి పదహారేళ్లు పట్టింది. 2021లో గ్రీన్ కార్డులతో న్యూజెర్సీలో దిగాం. మా ఆయన గ్యాస్ స్టేషన్‌లో, నేను ఎడిసన్‌లో ఒక ఇండియన్ గ్రోసరీలో. నర్సింగ్ చదవాలని నలభై ఏళ్లకి బుద్ధి పుట్టింది. దగ్గర్లో కమ్యూనిటీ కాలేజీలో చేరాను. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి, ఇంటి ఆదాయం తక్కువ కాబట్టి పెల్ గ్రాంట్ (అమెరికా ప్రభుత్వం చదువుకిచ్చే సాయం) వచ్చింది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుకునే పిల్లలకి ఈ డబ్బులు రావు, వాళ్ల గొడవ వేరు. ఇంకో తమాషా ఏమిటంటే, డిగ్రీ పూర్తయి ఉంటే నాకూ పెల్ వచ్చేది కాదు. ఇండియా డిగ్రీ అయినా డిగ్రీయే అంటారు. మధ్యలో మానేసిన బీఎస్సీ ఇరవై ఏళ్ల తర్వాత ఇలా అక్కరకొచ్చింది. మా నాన్న ఉంటే నవ్వేవాడు.

పెల్ అంటే అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. 2024-25కి గరిష్ఠం 7,395 డాలర్లు. తక్కువ క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టుకి ఇన్నని ఉంటాయి) తీసుకుంటే ఆ మేరకు తగ్గుతుంది. కమ్యూనిటీ కాలేజీలో మాలాంటి వాళ్లకి ఫీజుకి సరిపోతుంది.

2023 ఫాల్‌లో, అంటే ఏడాది చివరి సెమిస్టర్‌లో, భయం భయంగా రెండు సబ్జెక్టులు, 7 క్రెడిట్లు. రెండింట్లోనూ బి. దాంతో ధైర్యం వచ్చి స్ప్రింగ్‌లో, అంటే జనవరి సెమిస్టర్‌లో, 13 క్రెడిట్లు పెట్టుకున్నాను: అనాటమీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ, సోషియాలజీ. మార్చిలో ఒకరోజు తెల్లారుజామున తమ్ముడి ఫోన్. అమ్మ పడిపోయింది, తుంటి ఎముక విరిగింది, గుంటూరు తీసుకెళ్తున్నాం అని. మర్నాడే విమానం ఎక్కాను.

ఎక్కే ముందు కాలేజీకి పరుగెత్తి కౌంటర్లో అడిగాను. అనాటమీకి ల్యాబ్ ఉంది, మానితే కుదరదు. స్టాటిస్టిక్స్ క్లాసుకి వెళ్లి కూర్చోవాలి. ఆ రెండూ విత్‌డ్రా చేసుకో, డబ్ల్యూ పడుతుంది, జీపీఏకి ఏమీ కాదు అన్నారు. అందులో అబద్ధం ఏమీ లేదు, డబ్ల్యూ నిజంగానే జీపీఏని తాకదు. ఆ తర్వాతి వాక్యం ఒకటుంది, అది మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మిగతా రెండూ ఆన్‌లైన్, ఆస్పత్రిలో కూర్చుని లాగించేద్దాం అనుకున్నాను. సోషియాలజీ డిస్కషన్, అంటే వారం వారం ఆన్‌లైన్‌లో రాయాల్సిన జవాబు, ఆదివారం రాత్రి 11:59 లోపు పెట్టాలి. అంటే మనకి సోమవారం ఉదయం 9:29. సరిగ్గా డాక్టరు రౌండ్స్‌కి వచ్చే వేళ. ఒక చేత్తో అమ్మ ఫైలు, ఇంకో చేత్తో ఫోన్, వార్డులో సిగ్నల్ కోసం కిటికీ దగ్గర నిలబడటం. రెండు వారాలు పెట్టాను, మూడో వారం మర్చిపోయాను, ఆ తర్వాత తెరిచి చూడటానికే మొహం చెల్లలేదు. సైకాలజీలో ఎలాగో ఏ వచ్చింది. సోషియాలజీలో ఎఫ్.

జూన్‌లో మొదటి ఉత్తరం వచ్చింది. వార్నింగ్. అప్పుడు కూర్చుని కూతురి సాయంతో కాలేజీ నిబంధనలు చదివాను. ఇందులో మూడు కొలతలున్నాయి. ఒకటి జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, మా దగ్గర 4కి 2.0 ఉండాలి. నాకు ఎఫ్‌తో కలిపి కూడా 2.54 ఉంది, దానితో పేచీ లేదు. ఇంకోటి, డిగ్రీకి ఎన్ని క్రెడిట్లు కావాలో దానికి 150 శాతం దాటకుండా ముగించాలి. 60 క్రెడిట్ల డిగ్రీ అయితే మొత్తం 90 లోపే. మూడోది పేస్, అంటే వేగం. నన్ను ముంచింది ఇదే.

వేగం అంటే, నువ్వు పేరు నమోదు చేసుకున్న క్రెడిట్లలో ఎన్ని పాసయ్యావు అన్నది. మా దగ్గర 67 శాతం. ఈ 67 ఎక్కడ్నుంచి ఊడిపడిందా అని చాలా రోజులు బుర్ర గోక్కున్నాను. 60ని 90తో భాగించండి, అదే. 150 శాతంలో డిగ్రీ అవ్వాలంటే అడుగడుగునా మూడింట రెండొంతులు గట్టెక్కుతూ పోవాలి అని లెక్క. చట్టం ఇచ్చేది చట్రం, అంకెలు చాలావరకు కాలేజీయే రాసుకుంటుంది. కాబట్టి మీ కాలేజీ పేజీ మీరే చదువుకోండి, నా అంకెలు పట్టుకుని వెళ్లకండి.

ఇక్కడే ఆ చెప్పని వాక్యం: డబ్ల్యూ వచ్చిన క్రెడిట్లు కూడా తీసుకున్నట్టే లెక్క. వేగం దృష్టిలో డబ్ల్యూకీ ఎఫ్‌కీ తేడా లేదు. ఆ సెమిస్టర్ ఫీజు మన జేబులోంచి కట్టినా సరే, లెక్కలోకి వస్తుంది. షాపు బిల్లు వెనక రాసుకున్నాను. తీసుకున్నవి 7 ప్లస్ 13, 20. పాసయినవి 7 ప్లస్ 3, 10. యాభై శాతం.

మా తమ్ముడి కూతురు గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు ఉండాలని దానికెప్పుడూ హడావుడే. దీన్ని కూడా అలాంటిదే అనుకున్నాను. కాదు. హాజరు తగ్గితే రేపట్నుంచి రోజూ వెళ్లి పూడ్చుకోవచ్చు. ఇక్కడ ఒక క్రెడిట్ పోతే, సెమిస్టర్ అంతా చదివి రెండు క్రెడిట్లు పాసయితే తప్ప పూడదు.

వార్నింగ్ అంటే ఇంకో సెమిస్టర్ వరకు డబ్బులిస్తారు, ఆలోపు గాడిలో పడాలి. అడిగిన ప్రతివాళ్లూ ఒకటే సలహా: "ఈసారి తక్కువ తీసుకో, బాగా చదువు, అన్నీ పాసవ్వు." వదిన కూడా అదే అంది. నాకూ సబబే అనిపించింది. అనాటమీ, స్టాటిస్టిక్స్, అవే రెండు, 7 క్రెడిట్లు. రాత్రి షాపు కట్టాక పన్నెండు దాకా ఎముకల పేర్లు బట్టీ పట్టాను. మా అమ్మ ఎముక పేరు ఫీమర్ అని, అది విరిగిన చోటుని నెక్ అంటారని అప్పుడే తెలిసింది. ఏ వచ్చిందంటే రాదూ మరి!

27లో 17. కాలిక్యులేటర్ కొట్టి చూడండి. 62.96.

జీపీఏ 2.9. ఆ సెమిస్టర్ నూటికి నూరు శాతం పాస్. అయినా గ్రాంటు ఆగింది. ఎందుకంటే గుంతలోంచి బయటపడటానికి 7 క్రెడిట్లు చాలవు. 10 తీసుకుని ఉంటే 30లో 20, అంటే 66.67. మా కాలేజీ దాన్ని 67గా సర్దుకుంటుందో లేదో మళ్లీ అదో టెన్షన్. 11 తీసుకుంటే 31లో 21, దర్జాగా దాటేదాన్ని. ఈ చిన్న లెక్క ఆగస్టులో వేసుకుని ఉంటే జనవరిలో ఏడ్చేదాన్ని కాదు. తక్కువ తీసుకో అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ అది చదువు గురించి సలహా, గ్రాంటు గురించి కాదు. రెండూ ఒకటే అనుకోవడం నా పొరపాటు.

ఒక్క విషయంలో మాత్రం అదృష్టవంతురాలిని. ఆ మార్చిలో నాలుగూ వదిలేసి వెళ్లాలనుకున్నాను. సెమిస్టర్ 60 శాతం గడవకముందే అన్నీ వదిలేస్తే, అప్పటికి వాడుకున్న రోజులకే గ్రాంటు మనది, మిగతాది వెనక్కి పోతుంది. ఆ బాకీ విద్యార్థి నెత్తిన పడుతుంది. సైకాలజీ ఒక్కటి నిలబడటం వల్ల నాకు ఆ గొడవ తప్పింది.

సరే, అప్పీలు. దగ్గరివాళ్లు చనిపోవడం, విద్యార్థికి జబ్బు చేయడం లేదా దెబ్బ తగలడం, ఇతర ప్రత్యేక పరిస్థితులు, వీటి మీద పెట్టుకోవచ్చు. అమ్మ సంగతి ఆ మూడో దాంట్లోకి వస్తుంది. రెండే ప్రశ్నలు: ఎందుకు అందుకోలేకపోయావు? ఇప్పుడు ఏం మారింది?

మొదటిసారి మూడు పేజీలు రాశాను. తెలుగులో రాసుకుని మా అమ్మాయి చేత ఇంగ్లీషు చేయించాను. మా నాన్న పోయిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, అమ్మ ఒంటరితనం, నేను అమెరికా రావడం, షాపులో నిలబడి కాళ్లు వాయడం, అన్నీ. చదువుతూ మా అమ్మాయే ముక్కు చీదింది. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో ఒక పెద్దావిడ ఉంది. పంపే ముందు ఆవిడకి చూపించాను. ఓపిగ్గా చదివి, పెన్ను తీసి మూడో పేజీలో రెండు వాక్యాల కింద గీత గీసింది. "నాకు కావలసింది ఇదొక్కటే" అంది. ఆ రెండు వాక్యాలు: మా తమ్ముడు అమ్మ కోసం పగలూ రాత్రీ ఉండే మనిషిని పెట్టాడు. ఇకముందు ఏం జరిగినా వాడూ మరదలూ చూసుకుంటారు, నేను సెలవుల్లోనే వెళ్తాను.

కష్టం ఎంత పెద్దదో చెబితే కరుగుతారని నేను. ఆ కష్టం మళ్లీ రాకుండా ఏం చేశావో చెప్పమని ఆవిడ. మన దగ్గర ఆఫీసుకెళ్లి అర్జీ పెట్టుకుంటే ముందు గోడు వెళ్లబోసుకోవాలి కదా, ఆ అలవాటు. మళ్లీ రాశాను. ఒకటే పేజీ. అందులో సగం లెక్క: 27లో 17, ఈ సెమిస్టర్ 7 తీసుకుని పాసయితే 34లో 24, అంటే 70 దాటుతుంది అని. తమ్ముడు డిశ్చార్జి సమ్మరీ పంపించాడు. జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి, రౌండు ముద్ర సరిగ్గా పడలేదని మళ్లీ వెళ్లి ఇంకోసారి చేయించాడు పాపం. "అక్కా, ముద్ర లేకపోతే వాళ్లు నమ్మరేమో" అని. ఇక్కడ ఆ ముద్ర వంక ఎవరూ చూడలేదు.

జవాబుకి మూడు వారాలు. ఈలోగా ఫీజు గడువు దాటితే క్లాసుల్లోంచి పేరు తీసేస్తారు. దాదాపు పదిహేను వందల డాలర్లు. వాయిదాల మీద కట్టే పద్ధతి ఉందంటే మొదటి వాయిదా కట్టేశాం. మా ఆయన రెండు ఆదివారాలు అదనంగా పనికి వెళ్లారు. ఆయన ఏమీ అనలేదు. అంటే బావుండేదని నాకు అనిపించింది.

ఫిబ్రవరిలో ఒప్పుకున్నారు. ప్రొబేషన్, అంటే షరతుల మీద ఎయిడ్, దానితో పాటు ఒక అకడమిక్ ప్లాన్. డబ్ల్యూ ఒక్కటీ ఉండకూడదు, ప్రతి సబ్జెక్టులో సీ తగ్గకూడదు. మైక్రోబయాలజీ 4, ఆ పాడు సోషియాలజీ మళ్లీ 3. ఈసారి డిస్కషన్లు గురువారానికే పెట్టేసేదాన్ని. ఏప్రిల్‌లో అమ్మకి జ్వరం వచ్చిందని తమ్ముడు చెప్పాడు, చెప్పి వెంటనే "నువ్వు రావద్దు" అన్నాడు. ఆ రాత్రి కాలేజీ క్యాలెండర్ తీసి విత్‌డ్రా ఆఖరి తేదీ ఎప్పుడా అని చూశాను. చూసి మూసేశాను.

ఇది తెనాలిలో కూర్చుని రాస్తున్నాను. పరీక్షలయ్యాక మేలో వచ్చాను. మొన్న వరండాలో ఫోన్ తెరిస్తే 34లో 24, 70.59, ఎయిడ్ మళ్లీ మామూలే అని చూపిస్తోంది. ఇంకా 36 క్రెడిట్లు కావాలి. అన్నీ ఒక్కసారికే పాసయితే మొత్తం 70 క్రెడిట్ల దగ్గర ముగుస్తుంది, 90కి ఇంకా ఇరవై చేతిలో ఉంటాయి. అమ్మకి చూపించాను. వాకర్ పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని అంకెలు చూసింది. అప్పీలు సంగతి తమ్ముడు ముందే చెప్పేశాడట.

"నా గురించి వాళ్లకి రాశావంట. ఏమని రాశావ్?"

"తెల్లారుజామున బాత్‌రూంలో జారిపడ్డావని."

"బాత్‌రూం అని రాశావా?" ముఖం మాడ్చుకుంది. "గుమ్మం దగ్గర అని రాస్తే నీ సొమ్మేం పోయిందే?"