పెనుకొండలో బామ్మర్దితో ఒక పూట

అనంతపురంలో పొద్దున్నే ఎక్కిన బస్సు ఊళ్లోకి పోలేదు. హైవే మీదే దించేసి వెళ్లిపోయింది. నేనూ మా బామ్మర్దీ సంచులు భుజాన వేసుకుని నిలబడ్డాం. ఎదురుగా హోటల్ బోర్డు కొరియన్‌లో ఉంది. కియా ఫ్యాక్టరీ వచ్చాక ఇటువైపు ఇలాంటి బోర్డులు మామూలే. మేం పక్కనున్న బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఆటో ఎక్కాం.

"ముందు బాబయ్య కాడికి పోతారా, మహల్ కాడికా?" అన్నాడు ఆటో అన్న. నుదుట విభూతి ఉంది, బాబయ్య అంటున్నప్పుడు చెయ్యి గుండె మీదికి పోయింది. బాబయ్య అంటే ఇక్కడి దర్గాలో ఉన్న బాబా ఫక్రుద్దీన్. ఈ సీమలో ఫక్కీరప్ప, హుసేనప్ప, మస్తానప్ప అనే పేర్లున్న హిందువులు ఎంతమందో! అదే ఊళ్లో పచ్చరాతి పార్శ్వనాథుడి జైన గుడి ఉంది, షేర్‌ఖాన్ మసీదు ఉంది. అన్నీ చూశాం గానీ ఎక్కువసేపు కూర్చున్నది గగన్ మహల్ దగ్గరే.

రాజమహల్ అంటే ఇంకా పెద్దగా ఉంటుందనుకున్నాను. రెండంతస్తులే. కింద సుల్తానుల కట్టడాల్లో కనిపించే కోణపు కమాన్లు, పైన మన గుడి విమానంలా అంచెలంచెలుగా పేర్చిన గోపురం. రెంటి మధ్యా అతుకు ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. 1565లో తళ్లికోట దగ్గర దక్కన్ సుల్తానులతో జరిగిన యుద్ధంలో, విజయనగర రాజ్యాన్ని నడిపిస్తున్న రామరాయలు చనిపోయాక, తమ్ముడు తిరుమలరాయలు ఖజానాతో వచ్చి రాజధాని పెట్టుకున్న ఊరిది.

"అందర్నీ చేరదీస్తే ఇంతే బావా," అన్నాడు మావాడు, మెట్టు మీద కూర్చుని. "సొంత సైన్యంలోని ముస్లిం సర్దార్లే ఫిరాయించారంట కదా!"

ఆ మాట రాసినవాడు చెజారే ఫెదెరీచి. వెనిస్ వర్తకుడు, యుద్ధమైన రెండేళ్లకు హంపీకి వచ్చాడు. ఫిరాయింపు గురించి చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, సరే. కానీ ముస్లిం విలుకాళ్లను సైన్యంలో చేర్చుకోవడం అంతకు వందేళ్ల ముందే, రెండో దేవరాయల కాలంలోనే ఉంది. అది కూల్చేదైతే వందేళ్లు ఆగుతుందా? అవతలి పక్షాన ఉన్న గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా అయితే, అన్నకు భయపడి పారిపోయి వచ్చి ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి ఏకంగా కావ్యమే అంకితమిచ్చాడు. నన్నడిగితే తప్పు రామరాయల ఎత్తుల్లో ఉంది. సుల్తానుల తగవుల్లో ఓసారి ఒకరి పక్షం, ఇంకోసారి ఇంకొకరి పక్షం చేరి, చివరికి నలుగురూ తన మీదికే ఒక్కటయ్యేలా చేసుకున్నాడు.

ఇదంతా చెప్తుంటే మావాడు ఫోన్ చూసుకుంటున్నాడు. నేను ఆపలేదు.

తిరుమలరాయలు చేసిన పంపకం నాకు ఇంకా వింతగా అనిపిస్తుంది. తెలుగు సీమ పెనుకొండ నుంచి శ్రీరంగరాయలకు, కన్నడ సీమ శ్రీరంగపట్నం నుంచి రామరాజుకు, తమిళ సీమ చంద్రగిరి నుంచి వెంకటపతికి. ముగ్గురు కొడుకులు, మూడు భాషలు. పాలించడానికి వీలుగా ఉంటుందనుకున్నాడేమో! అప్పటిదాకా ఒకే కొలువులో కలిసి వినిపించిన భాషలకు గట్లు వేసినట్టయింది. తర్వాత వెంకటపతే రాజై మళ్లీ చాలావరకు నిలబెట్టాడు, 1592లో రాజధానిని చంద్రగిరికి మార్చాడు. 1614లో ఆయన పోయాక, ఆయన ఎంచుకున్న వారసుణ్ణి, ఒక్క కొడుకు తప్ప పెళ్లాం బిడ్డలతో సహా చంపించేశారు. అక్కణ్ణుంచి రాజ్యం మళ్లీ కోలుకోలేదు.

మావాడు ఫోన్లోంచి తలెత్తాడు. "ఎవరు చంపించింది? సుల్తానులేనా?"

"జగ్గరాయుడు. వెంకటపతి బామ్మర్ది."

వాడు నవ్వలేదు. తిరుగు బస్సులో కిటికీ సీటు మాత్రం వాడే పట్టాడు.