మేడ మీది వాన లెక్క: క్లౌడ్‌లోని సమాచారాన్ని బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టిన వైనం

2025 ఆగస్టు 12

మల్కాజిగిరిలో మా మేడ మీద 2021 జూన్‌లో ఒక రెయిన్ గేజ్ (వాన కొలిచే పరికరం) పెట్టాను. తరువాత అల్వాల్, సైనిక్‌పురి, కొత్తపేట, మెహిదీపట్నం, మియాపూర్‌లలోని మిత్రులు కూడా తమ మేడల మీద అలాంటివే అమర్చుకున్నారు. హైదరాబాదులో ఒక పేటలో కుండపోతగా కురిసిన వాన నాలుగు మైళ్ల అవతల రోడ్డును కూడా తడపని సందర్భాలు చాలా ఉంటాయి. ఆ తేడాను మా కళ్లతోనే కాక అంకెలలో కూడా చూడాలన్నది మా అందరి కోరిక. ప్రతి కేంద్రమూ ఐదు నిమిషాలకు ఒకసారి, అంటే రోజుకు 288 సార్లు, ఒక వరుసను గూగుల్ వారి క్లౌడ్ డేటాబేస్ అయిన బిగ్‌క్వెరీలోని పట్టికకు పంపుతుంది. ఆ లెక్కలను గ్రఫానా క్లౌడ్ అనే సేవలో డ్యాష్‌బోర్డులుగా, అంటే గీతల పటాలుగా చూస్తాము. కేంద్రాలన్నీ ఒకేసారి మొదలు కాలేదు కాబట్టి ఇప్పటికి మొత్తం సుమారు 19 లక్షల వరుసలు ఉన్నాయి.

ఈ నెల 2వ తేదీన నేను చేసిన ఒక తప్పు వల్ల ఈ చిట్టా రాయవలసి వచ్చింది. అల్వాల్ మాస్టారి గేజ్ తక్కువ చూపుతోందని అనుమానం రాగా జులై చివరలో దానిని పరీక్షించాము. గరాటు వ్యాసం 16 సెంటీమీటర్లు, వైశాల్యం 201 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి 402 మిల్లీలీటర్ల నీటిని నెమ్మదిగా పోస్తే 20 మిల్లీమీటర్ల వానతో సమానం. గేజ్ లోపలి చిన్న తొట్టి నిండినప్పుడల్లా బోర్లపడుతుంది, అలా ఒకసారి పడడాన్ని ఒక బొట్టు అంటాము. ఒక్కొక్క బొట్టుకు 0.2 మిల్లీమీటర్ల చొప్పున ఆ తొట్టి నూరుసార్లు బోర్లపడాలి, కానీ ఎనభైసార్లే పడింది. అంటే ఆ గేజ్‌లో ఒక బొట్టుకు నిజమైన విలువ 0.25 మిల్లీమీటర్లు. జూన్ 1 నుంచి ఆ కేంద్రపు వాన విలువలను 1.25తో గుణించమని క్వెరీ (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం) రాశాను. అందులో కేంద్రం పేరుతో ఉండవలసిన షరతు రాయడం మరచిపోయాను. ఆరు కేంద్రాల విలువలూ మారిపోయాయి.

నిన్న, 11న, జులై మొత్తాలను తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ వారి సమీప కేంద్రాలతో పోల్చినప్పుడు మనవన్నీ ఒకే నిష్పత్తిలో ఎక్కువగా ఉండడం చూశాను. బిగ్‌క్వెరీలో పట్టిక గతంలో ఏ క్షణాన ఎలా ఉందో అలా వెనక్కి చూసే ఏర్పాటు ఉంది, దానిని టైమ్ ట్రావెల్ అంటారు. అయితే దాని గడువు ఏడు రోజులు, కావాలంటే రెండు రోజుల వరకు తగ్గించుకోవచ్చు గాని ఏడుకు మించి పెంచుకోలేము. నేను గమనించేసరికి తొమ్మిది రోజులు గడిచాయి. ఈ ఏర్పాటు ఉంది కదా అన్న ధైర్యంతోనే నాలుగేళ్లుగా వేరే బ్యాకప్ పెట్టుకోలేదు. పట్టిక చెరిగిపోతే వెంటనే తెలుస్తుంది, కానీ పట్టికలోని విలువలు తప్పిపోతే తెలియడానికి వారాలు పడుతుంది, కాబట్టి మా వంటి లెక్కలకు ఏడు రోజులు చాలవు.

ఆగస్టు 17

తప్పును వెనక్కి తిప్పడానికి 1.25తో భాగిస్తే చాలునని మొదట అనుకున్నాను. అది అంత సులభం కాలేదు. వైఫై పోయినప్పుడు మా యంత్రాలు రీడింగులను మెమరీ కార్డులో దాచి, తిరిగి కలిసిన తరువాత పంపుతాయి. జులై చివరి వారపు రీడింగులలో కొన్ని ఆగస్టు 2 తరువాత చేరాయి, వాటి మీద గుణకారం పడలేదు. వరుస ఎప్పుడు చేరిందో తెలిపే గడి మా పట్టికలో లేదు, కొలిచిన సమయం మాత్రమే ఉంది. అందువల్ల ఏ వరుస మారిందో ఏది మారలేదో సమయాన్ని బట్టి చెప్పలేము.

అప్పుడు అంకెల స్వభావమే దారి చూపింది. మారని వరుసలో విలువ 0.2కు గుణిజంగా ఉంటుంది, మారిన వరుసలో 0.25కు గుణిజంగా ఉంటుంది. 0.4 కనిపిస్తే అది మారనిది, 0.5 కనిపిస్తే మారినది. చిక్కంతా 1.0, 2.0, 3.0 వంటి పూర్ణాంకాల దగ్గరే వస్తుంది, ఎందుకంటే 1.0 అన్నది మారని ఐదు బొట్లు కావచ్చు, మారిన నాలుగు బొట్లు కావచ్చు. ఐదు నిమిషాలలో ఒక మిల్లీమీటరు అంటే గట్టి వానే కాబట్టి, మేము ఎక్కువ విలువ ఇచ్చే వరుసలే సందేహంలో పడ్డాయి. కొత్తపేటలో రౌటర్ పది రోజులు ఏకధాటిగా పనిచేయనందువల్ల అక్కడి వరుసలన్నీ ఒకే కట్టగా తేలిపోయాయి. వైఫై వస్తూ పోతూ ఉన్న మెహిదీపట్నం, మియాపూర్‌లే మిగిలాయి.

మెహిదీపట్నంలో మిత్రుడి తల్లిగారు ప్రతి ఉదయం 8:30కి చేతి గేజ్ చూసి నోట్‌బుక్‌లో రాస్తారు. ఆ రోజు మొత్తంతో సరిపోల్చి ప్రతి సందేహాన్నీ తీర్చగలిగాను. మియాపూర్‌లో అలాంటి నోట్‌బుక్ లేదు. అక్కడ పదకొండు వరుసలను సందేహాస్పదమని గుర్తుపెట్టి వదిలేశాను, ఊహతో నింపడం నాకు ఇష్టం లేకపోయింది. సంగతి విని అల్వాల్ మాస్టారు, "పోనీలే బాబూ, నా వాన లెక్కల పుస్తకం నాలుగేళ్లుగా బీరువాలోనే ఉంది, కావాలంటే పట్టుకెళ్లు," అన్నారు. ఆ పుస్తకంలోని ప్రతి పేజీనీ ఫోటో తీసి పెట్టుకున్నాను.

ఆగస్టు 24

ఈ వారం పట్టికల అమరికనే మార్చాను. ముడి పట్టికలో ఇకపై మిల్లీమీటర్లు ఉండవు, బొట్ల సంఖ్య మాత్రమే ఉంటుంది, ఆ పట్టికను ఎవరూ సవరించరు. వరుస చేరిన సమయానికి వేరే గడి పెట్టాను. ఏ గేజ్‌కు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఒక బొట్టుకు ఎంత విలువో చిన్న పట్టికలో ఉంటుంది, ఆ రెండింటినీ కలిపి మిల్లీమీటర్లను లెక్కగట్టే పని ఒక వ్యూ (చూసిన ప్రతిసారీ పట్టికల నుంచి అప్పటికప్పుడు లెక్క తీసే, దాచిపెట్టిన క్వెరీ) చేస్తుంది. దిద్దుబాటు తప్పయితే ఇప్పుడు ఒక్క అంకె మారిస్తే చాలు.

బ్యాకప్‌కు రెండు అంచెలు పెట్టుకున్నాను. మొదటిది టేబుల్ స్నాప్‌షాట్. ఇది చదవడానికి మాత్రమే పనికివచ్చే ప్రతి, అసలు పట్టిక తరువాత ఎంత మారితే అంత మేరకే దీనికి నిల్వ లెక్క పడుతుంది, అసలు పట్టికను చెరిపినా ఇది నిలిచి ఉంటుంది. ప్రతి ఆదివారం ఒకటి తీసి, 90 రోజుల గడువు పెట్టాను. స్నాప్‌షాట్‌లను అసలు పట్టికలున్న డేటాసెట్‌లోనే ఉంచితే ఆ డేటాసెట్ చెరిగినప్పుడు అవి కూడా పోతాయి కాబట్టి వాటికి వేరే డేటాసెట్ తెరిచాను.

రెండవది నెలకొకసారి పార్కే అనే రకపు ఫైలుగా ఎగుమతి చేయడం. సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన సాదా పాఠపు ఫైలు, చదవడానికి సులువే గాని అందులో గడుల రకాలు నిలవవు. పార్కేలో సమయం సమయంగానే, పూర్ణాంకం పూర్ణాంకంగానే తిరిగి వస్తుంది. ఎగుమతి ఫైళ్లు దాచే బకెట్‌ను (క్లౌడ్‌లోని నిల్వ చోటును) డేటాసెట్ ఉన్న ముంబై ప్రాంతంలోనే తెరిచాను. నెల ఫైళ్లన్నీ కలిపి ఇరవై మెగాబైట్ల లోపే ఉన్నాయి, ఏడాది ప్రతులు దాచినా నిల్వ ఖర్చు నెలకు రూపాయి దాటదు. నేను తొందరలో చెరిపినా చెరగకుండా బకెట్‌కు రిటెన్షన్ పాలసీ పెట్టాను. అదే ఫైలును ఇంట్లోని హార్డ్ డిస్కులోనూ, కొత్తపేటలో బావగారి ఇంట్లోని మరో డిస్కులోనూ ఉంచుతున్నాను.

ఎగుమతిలో రానివి చాలా ఉన్నాయని అప్పుడే తెలిసింది. పార్కే ఫైలులో వరుసలు వస్తాయి. పట్టికను రోజువారీగా విభజించిన తీరు, గడులకు నేను రాసుకున్న వివరణలు, వ్యూలు, ప్రతి రాత్రి నడిచే షెడ్యూల్డ్ క్వెరీలు రావు. బిగ్‌క్వెరీలో ఇన్ఫర్మేషన్ స్కీమా అనే భాగంలోని టేబుల్స్ జాబితాలో డీడీఎల్ అనే గడి ఉంటుంది. ప్రతి పట్టికనూ, ప్రతి వ్యూనూ మళ్లీ సృష్టించే పూర్తి వాక్యం అందులో దొరుకుతుంది. దానిని ప్రతి నెలా ఫైలుగా దించుకుంటున్నాను. షెడ్యూల్డ్ క్వెరీలు అందులో ఉండవు కాబట్టి వాటి పాఠాన్ని చేత్తో నకలు చేసుకున్నాను.

సెప్టెంబరు 7

ఈ రోజు మొదటి పునరుద్ధరణ పరీక్ష చేశాను. గూగుల్ క్లౌడ్‌లో కొత్త ప్రాజెక్టు (పట్టికలనూ అనుమతులనూ విడిగా ఉంచే చోటు) తెరిచి, ఆగస్టు 31 రాత్రి తీసిన బ్యాకప్ నుంచి అంతా తిరిగి కట్టాను. రెండు గంటలలో డ్యాష్‌బోర్డు వెలిగింది, అంకెలన్నీ అసలుతో అక్షరాలా సరిపోయాయి. సంతోషంగా మిత్రులకు చెబుదామని ఫోన్ తీస్తూ చివరి వారపు గీతను చూశాను. అందులో నిన్న, 6వ తేదీన సైనిక్‌పురిలో పడిన వాన కూడా ఉంది. ఆగస్టు 31 నాటి బ్యాకప్‌లో సెప్టెంబరు 6 వాన ఉండే అవకాశమే లేదు.

వ్యూల డీడీఎల్‌లో పట్టికల పేర్లు పాత ప్రాజెక్టు పేరుతో సహా పూర్తిగా రాసి ఉన్నాయి. కొత్త ప్రాజెక్టులో సృష్టించినా ఆ వ్యూలు పాత పట్టికలనే చదువుతున్నాయి, రెండు ప్రాజెక్టులకూ నాకు అనుమతి ఉన్నందువల్ల ఎక్కడా తప్పు ఉందన్న సందేశం రాలేదు. నేను తిరిగి ఎక్కించిన 19 లక్షల వరుసలను ఎవరూ ఒక్కసారి కూడా చదవలేదు. పాత ప్రాజెక్టు నిజంగా పోయిన రోజున ఈ పునరుద్ధరణ మొత్తం ఒక్క క్షణంలో కూలిపోయేది.

సెప్టెంబరు 14

రెండవ పరీక్షను వేరే విధంగా చేశాను. డీడీఎల్ ఫైళ్లలో ప్రాజెక్టు పేరున్న ప్రతి చోటా ఒక గుర్తు పెట్టి, పునరుద్ధరణ సమయంలో దాని స్థానంలో కొత్త పేరు నిండేలా చేశాను. డ్యాష్‌బోర్డు కోసం కొత్త సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక ప్రోగ్రాముకు ఇచ్చే ఖాతా) తీసి దానికి కొత్త ప్రాజెక్టులో మాత్రమే అనుమతి ఇచ్చాను. పాతదానిని చదవబోతే వెంటనే నిరాకరణ రావాలి. వచ్చింది కూడా, రోజువారీ మొత్తాల వ్యూలో ఒక చోట పాత పేరు మిగిలిపోయి ఉంది.

పనుల క్రమం ముఖ్యమని ఈసారి బాగా తెలిసింది. ముందుగా డేటాసెట్‌ను ముంబై ప్రాంతంలో తెరవాలి, ఎందుకంటే తెరిచిన తరువాత దాని ప్రాంతం మార్చడం కుదరదు. తరువాత కేంద్రాల జాబితా, బొట్ల విలువల పట్టిక వంటి చిన్నవి ఎక్కించాలి. ముడి పట్టికను డీడీఎల్‌తో ఖాళీగా సృష్టించి, విభజన సరిగా ఉందని చూసుకుని, అప్పుడు పార్కేను అందులోకి ఎక్కించాలి. వ్యూలను కింది నుంచి పైకి కట్టాలి, దిద్దుబాటు వ్యూ లేనిదే దాని మీద ఆధారపడిన రోజువారీ వ్యూ సృష్టి కాదు. అందుకే ఫైళ్ల పేర్ల ముందు 01, 02 అని సంఖ్యలు వేశాను. షెడ్యూల్డ్ క్వెరీలను అన్నిటికన్నా చివర, లెక్కలు సరిచూసిన తరువాతే నడపాలి.

సరిచూడడానికి మిల్లీమీటర్లు కాక బొట్లే వాడాను. దశాంశాల మొత్తాలు చివరి అంకెలో అటూ ఇటూ అవుతాయి, పూర్ణాంకాల మొత్తం మాత్రం ఒక్కటి తేడా ఉన్నా పట్టిస్తుంది. కేంద్రం వారీగా, నెల వారీగా వరుసల సంఖ్యనూ బొట్ల మొత్తాన్నీ బ్యాకప్ రోజునే ఒక చిన్న ఫైలుగా రాసి పెడుతున్నాను, పునరుద్ధరణ తరువాత దానితోనే పోలుస్తాను. ఈసారి అన్నీ కలిశాయి, ఆగస్టు 31 తరువాత ఒక్క చినుకు కూడా లేదు.

రోజు హద్దును కూడా ప్రత్యేకంగా పరీక్షించాను. వాతావరణ శాఖ వారి వాన రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది, క్లౌడ్‌లోని సమయం (యూటీసీ, మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనుక) ప్రకారం అది 3:00 గంటలు. మా వ్యూ ప్రతి సమయానికి 21 గంటలు కలిపి తేదీని తీసుకుంటుంది. ఉదయం 8:25కి పడిన వాన ఆ తేదీలోనూ, 8:35కి పడినది మరునాటి తేదీలోనూ చేరాలి. అలాంటి రెండు వరుసలను ఎంచుకుని చూశాను, సరిగానే చేరాయి.

గ్రఫానా వైపు డ్యాష్‌బోర్డులు జేసన్ అనే పాఠపు ఫైళ్లుగా తేలికగా దిగాయి. డేటా సోర్స్‌కు, అంటే గ్రఫానాను బిగ్‌క్వెరీతో కలిపే అమరికకు, ఇచ్చిన రహస్య తాళం ఆ ఫైళ్లలో రాదు, రాకపోవడమే మంచిది, కానీ దానిని కొత్తగా సృష్టించే విధానాన్ని విడిగా రాసుకోవాలి. పాత ఫైలులోని డేటా సోర్స్ గుర్తింపు సంఖ్య కొత్తదానితో కలవకపోతే ప్యానెళ్లన్నీ ఖాళీగా ఉంటాయి. ఇతరులతో పంచుకునే విధంగా ఎగుమతి చేస్తే దిగుమతి వేళ ఏ డేటా సోర్స్ వాడాలో అదే అడుగుతుంది, అలా చేశాను. హెచ్చరికల నియమాలను విడిగా దించుకోవాలి. మొత్తం పనికి మూడు గంటల పది నిమిషాలు పట్టింది.

సెప్టెంబరు 28

1908లో ఇదే తేదీన మూసీ నగరాన్ని ముంచెత్తింది. ఆ వరద తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మాకు ఈ రెండు చెరువుల మట్టాల పట్టిక కూడా ఒకటి ఉంది. గండిపేట (ఉస్మాన్ సాగర్) నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్ నిండు మట్టం 1763.5 అడుగులు, వాటికి ఎంత దిగువన ఉందో రోజూ చేత్తో ఎక్కిస్తాను. అన్నిటిలోకీ చిన్నదైన ఈ పట్టికే బ్యాకప్‌లో మొదటిది కావాలని ఈ నెలలో నిశ్చయించుకున్నాను. వాన రీడింగుల నకలు కొంతకాలం మెమరీ కార్డులలో ఉంటుంది, చేత్తో ఎక్కించిన అంకెకు మరో చోటు లేదు. ఇది నెలకు కాదు, ప్రతి రాత్రీ ఎగుమతి అవుతోంది.

బావగారి ఇంటి డిస్కును ఈ రోజు తెచ్చి, అందులోని ఆగస్టు ఫైలును తెరిచి సరిపోల్చాను. బొట్ల మొత్తాలు కలిశాయి. మియాపూర్ మిత్రుడు చేతి గేజ్ కొన్నాడు, అక్టోబరు 1 ఉదయం 8:30 నుంచి అక్కడ కూడా నోట్‌బుక్ మొదలవుతుంది. తరువాతి పునరుద్ధరణ పరీక్షను డిసెంబరు 14న పెట్టుకున్నాను. ఆ రోజు నేను కీబోర్డు ముట్టను, రాసిపెట్టిన క్రమాన్ని చూసి సైనిక్‌పురి మిత్రుడే మొత్తం చేస్తాడు.